ఫోను అడుగుతూనే ఉంది, సర్వర్ పలకదు

ఆస్టెరిస్క్ అనే ప్రోగ్రాంతో ఒక కంప్యూటర్‌నే ఆఫీసు టెలిఫోన్ ఎక్స్ఛేంజిగా నడిపేచోట, ప్రతి ఫోనూ ముందు ఆ సర్వర్‌కి ‘రిజిస్టర్’ అనే సందేశం పంపి పేరు నమోదు చేసుకోవాలి. అది కుదరక ఫోను తెర మీద ‘నాట్ రిజిస్టర్డ్’ అని కనబడగానే చాలామంది పాస్‌వర్డ్ మళ్లీ కొడతారు. అప్పటికీ కుదరకపోతే ఎక్స్‌టెన్షన్ (ఆ ఫోనుకిచ్చిన లోపలి నంబరు) చెరిపేసి కొత్తది చేస్తారు. సర్వర్ నుంచి అసలు జవాబే రానప్పుడు ఈ రెండూ వృథా శ్రమే. పాస్‌వర్డ్ తప్పైతే సర్వర్ ఊరుకోదు, 401 (‘రుజువు చూపించు’) అనో 403 (‘వీల్లేదు’) అనో మొహం మీదే చెబుతుంది. లేని ఎక్స్‌టెన్షన్ పేరు పంపినా ఆస్టెరిస్క్ 401 అనే అంటుంది. ఏ నంబర్లు ఉన్నాయో, ఏవి లేవో బయటివాళ్లకు తెలియకూడదని కావాలనే అలా పెట్టారు. కాబట్టి చడీచప్పుడూ లేదంటే గొడవ పాస్‌వర్డ్‌ది కాదు. ఫోను పంపిన ప్యాకెట్ (సందేశాన్ని మోసే డేటా మూట) దారిలో ఎక్కడో ఆగింది, లేదంటే జవాబు దారి తప్పింది. ఎక్కడన్నది తేలిందంటే సగం పని అయిపోయినట్టే.

ఉదాహరణకి ఇలా అనుకుందాం. శ్రీకాకుళంలో హెడ్డాఫీసు. అక్కడ ఒక పాత కంప్యూటర్ మీద ఆస్టెరిస్క్, లోపలి అడ్రసు 192.168.1.10. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ, అక్కడ 12 ఫోన్లు. పైడిభీమవరంలో గోడౌను. టెక్కలి, నరసన్నపేట వైపు తిరిగే సేల్స్ కుర్రాళ్ల సెల్లుల్లో సాఫ్ట్‌ఫోన్లు (ఆఫీసు ఫోనులా పనిచేసే యాప్‌లు). మన జిల్లాల్లో చిన్న వ్యాపారాల ఏర్పాటు దాదాపు ఇలాగే ఉంటుంది.

ఒక మాట. ఆదేశాలన్నీ నోటితో పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టుకోవాలి. ‘మైనస్’ అన్నచోట అడ్డగీత, ‘అండర్‌స్కోర్’ అన్నచోట కింది గీత.

ఫోన్లు సర్వర్‌తో మాట్లాడే భాష పేరు సిప్, అది మామూలుగా వాడే పోర్టు (తలుపు నంబరు) 5060. ఆస్టెరిస్క్‌లో సిప్ సంగతి చూసుకునే భాగం కొత్తవాటిలో పీజేసిప్, పాతవాటిలో చాన్‌సిప్. సర్వర్‌లో రెండు టెర్మినళ్లు (ఆదేశాలు కొట్టే కిటికీలు) తెరవండి. మొదటిదాంట్లో ‘టీసీపీడంప్ మైనస్ ఎన్ మైనస్ ఐ ఎనీ పోర్ట్ 5060 ఆర్ ఐసీఎంపీ’. రెండోదాంట్లో ‘ఆస్టెరిస్క్ మైనస్ ఆర్‌వీవీవీ’ అని లోపలికి వెళ్లి ‘పీజేసిప్ సెట్ లాగర్ ఆన్’. పాత చాన్‌సిప్ మీద నడిచే యంత్రమైతే ‘సిప్ సెట్ డీబగ్ ఆన్’. ప్యాకెట్లు పంపే పద్ధతులు, అంటే ట్రాన్స్‌పోర్టులు, ముఖ్యంగా రెండు: అందిందో లేదో చూడకుండా పంపేసే యూడీపీ, ముందు కనెక్షన్ కలుపుకుని పంపే టీసీపీ. టీసీపీడంప్‌లో ‘యూడీపీ’ అని కావాలనే పెట్టలేదు. పెడితే, ఫోనులో ట్రాన్స్‌పోర్ట్ పొరపాటున టీసీపీకి మారిపోయిన సంగతి ఎప్పటికీ కనబడదు.

రెండు ఎందుకంటే, టీసీపీడంప్ గేటు బయట నిలబడి చూస్తుంది, ఆస్టెరిస్క్ లాగర్ గదిలో కూర్చుని చూస్తుంది. నెట్‌వర్క్ కార్డు దగ్గరికి వచ్చిన ప్యాకెట్ ఫైర్‌వాల్ దాకా వెళ్లకముందే టీసీపీడంప్ కంట పడుతుంది. ఆ సంగతి తెలియక ‘టీసీపీడంప్‌లో వస్తోంది కదా, ఫైర్‌వాల్ బాగానే ఉంది’ అనుకుని రోజులు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఇప్పుడు ఫోను ఆపి మళ్లీ ఆన్ చేయించి వరస గమనించండి. యూడీపీలో జవాబు రాకపోతే ఫోను అర సెకను ఆగి మళ్లీ పంపుతుంది. తర్వాత ఒక సెకను, రెండు, నాలుగు, ఆపైన నాలుగేసి సెకన్ల ఎడం. 32 సెకన్లకు ఆశ వదులుకుంటుంది. 2002లో వచ్చిన సిప్ నియమావళి, ఆర్ఎఫ్‌సీ 3261లో ఉన్న లెక్క ఇది. అలా లెక్కేస్తే మొత్తం 11 సార్లు. చివర్లో సాఫ్ట్‌ఫోను ‘408 రిక్వెస్ట్ టైమవుట్’ అని చూపిస్తే సర్వర్ ఏదో జవాబిచ్చిందని సంబరపడొద్దు. చాలాసార్లు ఆ 408 ఫోను తనకు తానే రాసుకున్నది.

రెండుచోట్లా ఏమీ లేదు

గేటు దాకానే రాలేదన్నమాట. ఇక సర్వర్‌ని కెలకడం ఆపి ఫోను వైపు వెళ్లాలి.

ముందు చూడాల్సింది ఫోను ఏ అడ్రసుకి కొడుతోందన్నది. ఆఫీసు ఇంటర్నెట్‌కి స్టాటిక్ ఐపీ (మారని అడ్రసు) తీసుకోకపోతే రౌటర్ ఆగి లేచినప్పుడల్లా బయటి అడ్రసు మారవచ్చు. నిన్నటి అడ్రసు గుర్తుపెట్టుకున్న ఫోను ఎవరి గుమ్మం ముందో నిలబడి తలుపు కొడుతుంటుంది.

తర్వాత రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి ఇంటర్నెట్ వైపున్న అడ్రసు) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీది సీజీన్యాట్ కనెక్షన్. అంటే బయటి ఐపీ మీ ఒక్కరిదీ కాదు, ఇంకా ఎందరితోనో పంచుకుంటున్నారు. రౌటర్‌లో ఎన్ని పోర్ట్ ఫార్వర్డింగులు (ఈ పోర్టుకి వచ్చింది లోపలి సర్వర్‌కి ఇవ్వు అనే రూళ్లు) పెట్టినా బయటి ఫోను లోపలికి రాలేదు. మార్గాలు రెండే. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లను అడిగి స్టాటిక్ ఐపీ తీసుకోవడం ఒకటి. బయట నెలవారీ అద్దెకు ఒక చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుని, ఆఫీసు నుంచి దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో సొరంగం వేయడం రెండోది. వైర్‌గార్డ్‌కి మామూలుగా వాడే పోర్ట్ యూడీపీ 51820. ఆఫీసు వైపు ‘పర్సిస్టెంట్ కీపలైవ్’ 25 సెకన్లు పెట్టాలి, లేకపోతే సొరంగం నిద్రపోతుంది. నన్నడిగితే స్టాటిక్ ఐపీ ఉన్నా సరే రెండోదే మేలు, 5060ని ఊరందరికీ తెరిచిపెట్టే బాధ తప్పుతుంది.

పోర్టు తెరిచి ఉందో లేదో చెప్పే వెబ్‌సైట్లను ఇక్కడ నమ్మొద్దు. అవి ఎక్కువగా టీసీపీ తట్టి చూస్తాయి. యూడీపీ 5060 బార్లా తెరిచి ఉన్నా ‘మూసి ఉంది’ అంటాయి.

సేల్స్ కుర్రాడి సెల్లు రోడ్డు మీద మొబైల్ డేటాతో పనిచేసి, ఆఫీసుకొచ్చి వైఫై పట్టుకోగానే మూగబోతే అది హెయిర్‌పిన్ గొడవ. లోపల కూర్చుని బయటి అడ్రసుకి పంపితే, దాన్ని తిప్పి మళ్లీ లోపలికే ఇవ్వడం చాలా చవక రౌటర్లకు రాదు. సెల్లులో అంకెలకు బదులు సర్వర్ పేరు పెట్టి, ఆఫీసు లోపలి డీఎన్ఎస్‌లో (పేర్లకు అడ్రసులు చెప్పే పట్టికలో) ఆ పేరుకి 192.168.1.10 ఇస్తే సరి.

ఇవేవీ కాకపోతే రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనేది ఉందేమో చూసి ఆపేయండి. సాయం చేద్దామని వచ్చి ప్యాకెట్ లోపలి అడ్రసులు దిద్దేస్తుంది, ఒక్కోసారి మొత్తమే మింగేస్తుంది. రెండు వైపుల రౌటర్లలోనూ ఆపాలి.

గేటు దాకా వచ్చింది, గదిలోకి రాలేదు

టీసీపీడంప్‌లో రిజిస్టర్ కనబడుతోంది, ఆస్టెరిస్క్ తెర మీద ఏమీ లేదు. ఎక్కువ కేసులు ఇక్కడే తేలతాయి, కాబట్టి ఇక్కడ నిదానంగా నడవాలి.

‘ఎస్‌ఎస్ మైనస్ ఎల్‌యూఎన్‌పీ’ కొట్టండి. యూడీపీ మీద ఎవరెవరు ఏ పోర్టు దగ్గర కాపు కాస్తున్నారో చూపిస్తుంది. 5060 దగ్గర ఆస్టెరిస్క్ పేరుందా? ఎడమ వైపు అడ్రసు 0.0.0.0 (అన్ని దారులూ) ఉందా, 127.0.0.1 (తన లోపల మాత్రమే) ఉందా? రెండోదైతే సర్వర్ తన మాటలు తనే వింటోంది, బయటి మాట దాని చెవికి రాదు.

అసలు ఆస్టెరిస్క్ పేరే లేకపోతే, మన వైపు మొదటి అనుమానం కరెంటు మీద. గాలివాన వచ్చి కరెంటు పోయింది, గంట తర్వాత వచ్చింది. సర్వర్ గబగబా లేచింది, రౌటర్ ఇంకా లేవలేదు. సర్వర్ తన ఐపీని రౌటర్ నుంచి డీహెచ్‌సీపీలో (రౌటరే అడ్రసులు పంచే పద్ధతిలో) తీసుకునేదైతే ఆ క్షణానికి దానికి అడ్రసే లేదు. పీజేసిప్ కాన్ఫ్ ఫైలులో ట్రాన్స్‌పోర్ట్ కింద ‘బైండ్ = 192.168.1.10’ అని ఉంటే, లేని అడ్రసుకి అతుక్కోవడం కుదరక ట్రాన్స్‌పోర్ట్ పుట్టదు. ఆస్టెరిస్క్ మాత్రం చచ్చిపోదు, ‘రన్నింగ్’ అనే చూపిస్తుంది. పది నిమిషాల తర్వాత రౌటర్ లేచినా అది మళ్లీ ప్రయత్నించదు. తితలీ లాంటి తుపాను వచ్చిపోయాక ఎన్నిసార్లు కరెంటు పోయి వస్తుందో పలాస వాళ్లకు చెప్పక్కర్లేదు, ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి సర్వర్ రీస్టార్ట్ చేయాల్సి వస్తుంది.

దీనికి మూడూ కలిపి చెయ్యాలి. బైండ్ 0.0.0.0కి మార్చాలి. సర్వర్ కార్డుకి అడ్రసు చేత్తో రాసి పెట్టాలి. ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ఆస్టెరిస్క్’ తెరిచి యూనిట్ భాగంలో ‘ఆఫ్టర్’, ‘వాంట్స్’ రెండింటికీ నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్ ఇవ్వాలి, అప్పుడు నెట్‌వర్క్ లేచాకే ఆస్టెరిస్క్ లేస్తుంది. రౌటర్‌కి, ఫైబర్ పెట్టెకి ఒక చిన్న యూపీఎస్ పెడితే ఇంకా నయం.

ట్రాన్స్‌పోర్ట్ మార్చాక ‘పీజేసిప్ రీలోడ్’ చేసి అంతా అయిపోయిందనుకోవద్దు. ట్రాన్స్‌పోర్ట్ సెట్టింగులు మామూలుగా రీలోడ్‌తో మారవు, ఆస్టెరిస్క్‌ని పూర్తిగా ఆపి లేపాలి. పగటిపూట ‘కోర్ రీస్టార్ట్ వెన్ కన్వీనియెంట్’ వాడితే నడుస్తున్న కాల్స్ తెగవు.

పాత యంత్రాల్లో ఇంకో తిరకాసు. చాన్‌సిప్, పీజేసిప్ రెండూ లోడై, రెండూ 5060 కోసం కొట్టుకుంటాయి. ముందొచ్చినవాడిదే కుర్చీ. వాడనిదాన్ని మాడ్యూల్స్ కాన్ఫ్‌లో ‘నోలోడ్’ చెయ్యండి. ఆస్టెరిస్క్ 21 నుంచి చాన్‌సిప్‌ని తీసేశారు కాబట్టి కొత్తవాటిలో ఈ గొడవ లేదు.

ఆస్టెరిస్క్ పేరు ఉంది, అడ్రసూ సరిగానే ఉంది, కానీ అదే వరసలో ‘రెసీవ్ క్యూ’ అంకె పెరుగుతూ పోతోందా? ఉత్తరాలు పెట్టెలో పడుతున్నాయి, తీసేవాడు లేడు. చాన్‌సిప్‌లో దీనికి పేరుమోసిన కారణం డీఎన్ఎస్. బయటి ట్రంకు (బయటి కాల్స్ మోసే లైను) సర్వర్‌ని పేరుతో రాసి ఉంటే, ఇంటర్నెట్ పోయినప్పుడు ఆ పేరు వెతుక్కుంటూ అది అక్కడే కూర్చుంటుంది. ఆ లోపు వచ్చిన రిజిస్టర్లన్నీ బయటే పడిగాపులు. బయటి లైను తెగితే పక్క గదిలో ఫోన్లు కూడా ఎందుకు పోతున్నాయో అర్థం కాక జుట్టు పీక్కునేది ఇందుకే. హోస్ట్స్ ఫైలులో ట్రంకు పేరుకి ఐపీ రాసిపెడితే తక్షణ ఉపశమనం. పీజేసిప్‌కి మారడమే అసలు మందు.

ఇక ఫెయిల్‌టూబ్యాన్, తప్పుడు పాస్‌వర్డులు పదేపదే పంపే ఐపీని ఆపేసే కాపలా ప్రోగ్రాం. నా లెక్కలో నిశ్శబ్దానికి దీన్ని మించిన కారణం లేదు. కాశీబుగ్గ ఫ్యాక్టరీలో 12 ఫోన్లున్నా బయటికి కనబడే ఐపీ ఒక్కటే. మూల గదిలో ఎవరో పాత ఫోను ఒకటి తగిలించారు, దాంట్లో పోయినేడాది పాస్‌వర్డ్. అది నిమిషానికోసారి ప్రయత్నిస్తూ పోతుంది. ఫెయిల్‌టూబ్యాన్‌లో 10 నిమిషాల్లో 5 తప్పులు దొరికితే 10 నిమిషాలు నిషేధం అని పెట్టి ఉందనుకుందాం. నిషేధం ఐపీకి, ఫోనుకి కాదు. దాంతో 12 ఫోన్లూ మూగబోతాయి. పది నిమిషాల తర్వాత అన్నీ లేస్తాయి, అయిదు నిమిషాలు పనిచేస్తాయి, మళ్లీ పోతాయి. ఇలా వస్తూ పోతూ ఉంటే వేరే ఆలోచన పెట్టుకోవద్దు. పాస్‌వర్డులు మళ్లీ మళ్లీ కొట్టి చూడటం ఎందుకు కూడదో కూడా ఇక్కడే తెలుస్తుంది, ప్రతి తప్పూ నిషేధం లెక్కలోకే పోతుంది.

‘ఫెయిల్‌టూబ్యాన్ మైనస్ క్లయింట్ స్టేటస్ ఆస్టెరిస్క్’ కొడితే నిషేధించిన ఐపీల జాబితా వస్తుంది. జైలు (నిషేధపు రూళ్ల గుంపు) పేరు మీ దగ్గర వేరే ఉండొచ్చు, ఊరికే ‘స్టేటస్’ అని కొడితే పేర్లు చూపిస్తుంది. విడుదలకి ‘సెట్ ఆస్టెరిస్క్ అన్‌బ్యాన్‌ఐపీ’ తర్వాత ఆ ఐపీ. కానీ ముందు ఆస్టెరిస్క్ లాగులో (జరిగిందంతా రాసుకునే ఫైలులో) ‘ఫెయిల్డ్ టు ఆథెంటికేట్’ అన్న వరసలు వెతికి, ఏ ఎక్స్‌టెన్షన్ తప్పు చేస్తోందో పట్టుకోండి. దాన్ని వదిలేసి ఐపీని విడిపిస్తే పావుగంటలో మళ్లీ అదే కథ. ఫ్యాక్టరీకి స్టాటిక్ ఐపీ ఉంటే ‘ఇగ్నోర్‌ఐపీ’లో చేర్చవచ్చు. మారే ఐపీని మాత్రం చేర్చొద్దు, రేపు అది ఇంకొకరి చేతికి పోతుంది.

టీసీపీడంప్‌లో రిజిస్టర్ వెంటనే సర్వర్ నుంచి ఐసీఎంపీ (నెట్‌వర్క్ తప్పులు చెప్పే సందేశం) ‘పోర్ట్ అన్‌రీచబుల్’ వెళ్తోందేమో కూడా చూడండి. ఆ పోర్టు దగ్గర ఎవరూ లేకపోతే కెర్నల్ (లినక్స్ గుండెకాయ) అలా చెబుతుంది. ఫెయిల్‌టూబ్యాన్ తన మామూలు రిజెక్ట్ పద్ధతిలో కూడా అదే పంపుతుంది. రెండూ ఒకేలా ఉంటాయి, తేడా తేల్చేది ‘ఎస్‌ఎస్’ జాబితానే. ఐసీఎంపీ కూడా లేకుండా పూర్తి మౌనమైతే ఎక్కడో డ్రాప్ రూలు (ప్యాకెట్‌ని చప్పుడు లేకుండా పారేసే ఫైర్‌వాల్ రూలు) ఉంది. ‘ఐపీటేబుల్స్ మైనస్ ఎన్‌వీఎల్’ లేదా ‘ఎన్‌ఎఫ్‌టీ లిస్ట్ రూల్‌సెట్’ తీసి, ఫోను ప్రయత్నిస్తున్నప్పుడల్లా ఏ వరస దగ్గర లెక్క పెరుగుతోందో చూస్తే దొంగ దొరుకుతాడు.

ఫైర్‌వాల్ కూడా శుభ్రంగా ఉంటే, సర్వర్‌కి రెండు ఇంటర్నెట్ లైన్లో, ఒక సొరంగమో ఉన్నాయా? ప్యాకెట్ రెండో లైనులో వచ్చింది, తిరిగి వెళ్లే దారి మాత్రం మొదటి లైనులో ఉంది. లినక్స్ ‘ఆర్పీ అండర్‌స్కోర్ ఫిల్టర్’ 1లో ఉంటే అలాంటి ప్యాకెట్‌ని దొంగ అడ్రసు అనుకుని నోరెత్తకుండా పారేస్తుంది. ఏ ఫైర్‌వాల్ రూలులోనూ లెక్క పెరగదు. ‘నెట్ డాట్ ఐపీవీ4 డాట్ కాన్ఫ్ డాట్ ఆల్’ కింద దాన్ని 2కి మార్చి చూడండి. లోపలికి రావడం మొదలైతే రోగం తెలిసినట్టే. కానీ జవాబు ఇంకా తప్పు లైనులోనే పోతుంది, కాబట్టి ‘ఐపీ రూల్’తో వచ్చిన దారినే వెళ్లేలా రూటింగ్ రాయాలి.

చివరిది అరుదైనది. ప్యాకెట్ ఆస్టెరిస్క్ దాకా వచ్చినా దాని వ్యాకరణం తప్పైతే పీజేసిప్ చదవడం ఆపేసి వదిలేస్తుంది. లాగర్‌లో సందేశం రాదు, లాగులో మాత్రం ‘సింటాక్స్ ఎర్రర్ ఎక్సెప్షన్’ అని ఒక వరస పడుతుంది. ఏ హెడరు (సందేశం పైభాగంలోని వివరం), ఎన్నో వరస అని కూడా అందులోనే ఉంటుంది. కారణం ఏఎల్‌జీ పాడుచేయడం కావచ్చు, యూజర్ పేరులో ఖాళీ ఉండటం కావచ్చు. డిస్‌ప్లే పేరు తెలుగులో పెట్టి, దాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టకుండా పంపే సాఫ్ట్‌ఫోను కావచ్చు. మన భాష మీద ప్రేమ ఉన్నా ఆ గడిలో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే క్షేమం.

గదిలోకి వచ్చింది, అయినా...

లాగర్‌లో రిజిస్టర్ కనిపించి, దాని కింద జవాబు మాత్రం లేకపోతే ‘కోర్ షో టాస్క్‌ప్రాసెసర్స్’ కొట్టండి. ఏ వరసలోనైనా పెండింగ్ పని 500 దాటిందంటే, పని భారం తగ్గేదాకా పీజేసిప్ యూడీపీలో వచ్చే కొత్త అభ్యర్థనలను కావాలనే పట్టించుకోదు. ఫోను ఎలాగూ మళ్లీ పంపుతుంది కదా అన్నది దాని ధీమా. టీసీపీ అయితే 503 ఇస్తుంది. పాతిక ఫోన్ల ఆఫీసులో ఇలా జరిగిందంటే ఫోన్లు ఎక్కువై కాదు. వెనక డేటాబేసో, డిస్కో, డీఎన్ఎసో నత్తనడక నడుస్తోంది.

మొదటి రిజిస్టర్‌కి సర్వర్ మామూలుగా 401 ఇచ్చి రుజువు అడుగుతుంది, ఫోను రుజువుతో మళ్లీ పంపాలి. జవాబు వెళ్తోంది, ఫోనుకి అందడం లేదు అంటే సీసెక్ (సందేశాల వరస) నంబరు చూడండి. ఒకే సీసెక్‌తో, ఆథరైజేషన్ (పాస్‌వర్డ్ రుజువు) హెడరు లేకుండా అదే రిజిస్టర్ పదేపదే వస్తుంటే మీ 401 ఫోను చేరలేదు. సీసెక్ పెరుగుతూ, ఆథరైజేషన్‌తో వచ్చి మళ్లీ 401 తింటుంటే పాస్‌వర్డే తప్పు, అప్పుడు కొట్టండి కొత్తది.

401 ఏ పోర్టుకి వెళ్తోందో చూడాలి. ఫోను రౌటర్ వెనక నుంచి వచ్చినప్పుడు, వచ్చిన పోర్టుకే తిరిగి పంపాలి. వయా హెడరులో ఫోను రాసుకున్న తన లోపలి పోర్టుకి పంపితే రౌటర్ దాన్ని పారేస్తుంది. ఎండ్‌పాయింట్‌లో (పీజేసిప్‌లో ఆ ఫోను సెట్టింగుల భాగంలో) ‘ఫోర్స్ అండర్‌స్కోర్ ఆర్‌పోర్ట్’కి ‘ఎస్’ (అవును) అని ఉండాలి. పీజేసిప్‌లో ముందే ఎస్ ఉంటుంది, ఎవరో నో చేసి ఉంటేనే గొడవ. దానితోపాటు ‘రీరైట్ అండర్‌స్కోర్ కాంటాక్ట్’ కూడా ఎస్ చెయ్యండి. రిజిస్టర్ కావడానికి అది అక్కర్లేదు, తర్వాత కాల్ మోగడానికి కావాలి.

పోర్ట్ ఫార్వర్డింగ్ ఇప్పుడే సరిచేశారు, అయినా మార్పు లేదు. చాలామంది ఇక్కడ చేతులెత్తేస్తారు. న్యాట్ రూలు (రౌటర్ అడ్రసులు మార్చే రూలు, పోర్ట్ ఫార్వర్డింగూ అందులోదే) ఒక ప్రవాహంలో మొదటి ప్యాకెట్‌కే వర్తిస్తుంది. ఫోను ఆగకుండా కొడుతుంటే కెర్నల్ గుర్తుపెట్టుకున్న పాత వరస ఎప్పటికీ చావదు, కొత్త రూలు దాని వంతు రాక కూర్చుంటుంది. ఫోన్లన్నీ అయిదు నిమిషాలు ఆపి ఉంచండి. లేదా రౌటర్ లినక్స్ పెట్టె అయితే ‘కాన్‌ట్రాక్ మైనస్ డీ మైనస్ పీ యూడీపీ మైనస్ మైనస్ డీపోర్ట్ 5060’ కొట్టండి.

మొదటి రిజిస్టర్‌కి ఇచ్చిన 401 ఫోనుకి చేరి, ఆథరైజేషన్‌తో పెద్దదైన రెండోది మాయమైతే ప్యాకెట్ సైజు చూసుకోండి. 1300 బైట్లు దాటితే టీసీపీ వాడమని ఆర్ఎఫ్‌సీయే చెబుతోంది. ఫోనులో అక్కర్లేని కోడెక్కులు (గొంతుని డేటాగా మార్చే పద్ధతులు) తీసేసినా రిజిస్టర్ చిన్నది కాదు, అవి ఉండేది కాల్ మొదలుపెట్టే ఇన్వైట్ సందేశంలో. ట్రాన్స్‌పోర్ట్ టీసీపీకి మార్చడమే దారి. సర్వర్‌లో కూడా టీసీపీ ట్రాన్స్‌పోర్ట్ రాసి ఉండాలి.

టీఎల్ఎస్ (సందేశాలకు తాళం వేసి పంపే పద్ధతి) వాడేవాళ్లు టీసీపీడంప్‌లో 5061 పెట్టుకోవాలి. కనెక్షన్ మొదలై వెంటనే తెగిపోతుంటే సర్టిఫికెట్ తేదీ చూడండి, ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ది మహా అయితే 90 రోజులే. సర్టిఫికెట్ బాగానే ఉంటే ఫోను గడియారం చూడండి. కరెంటు పోయి వచ్చాక టైము సర్వర్ దొరకని ఫోను ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లి కూర్చుంటుంది, దాని దృష్టిలో మీ సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదు.

అంతా లేచాక ‘పీజేసిప్ షో కాంటాక్ట్స్’లో ఫ్యాక్టరీ ఫోన్లన్నీ ‘అవైల్’ అని ఉన్నాయో లేదో చూడండి. క్వాలిఫై (ఫోను ఉందో లేదో సర్వర్ అప్పుడప్పుడు తట్టి చూడటం) పెట్టకపోతే అక్కడ ‘నాన్‌క్వాల్’ అని ఉంటుంది, అదీ పర్వాలేదు. తర్వాత ‘పీజేసిప్ సెట్ లాగర్ ఆఫ్’ కొట్టడం మరిచిపోవద్దు. 5060 బయటికి తెరిచి ఉన్న సర్వర్‌లో తెరిచిన పోర్టుల కోసం వెతికే ఊరూపేరూ లేని స్కానర్ల రొద రాత్రంతా లాగులోకి ఎక్కి, పాత కంప్యూటర్‌లోని చిన్న డిస్కుని నింపేస్తుంది.